మడిబట్టల్లో జీళ్ళు

మా విశ్వం బావ కొరియర్‌లో ఒక అట్టపెట్టె పంపించాడు. విజయనగరంలో మా గుమ్మం దాకా నలగకుండా వచ్చింది. పెట్టె మీద మా మామ్మ బొమ్మ ఉంది. నుదుట కాసంత బొట్టు, నెత్తి మీదుగా కొంగు, గట్టిగా బిగించిన పెదాలు. ఆ ఫోటో నాకు తెలుసు. మా బాబాయి పెళ్ళిలో అందరినీ వరసగా నిలబెట్టి తీసినది. ముందు పళ్ళు ఊడిపోయిన సంగతి ఫోటోలో పడకూడదని ఆవిడ ఆ రోజంతా నోరు మూసుకునే ఉంది. బావ దాన్ని గాంభీర్యం అనుకున్నట్టున్నాడు. బొమ్మ కింద బంగారు రంగు అక్షరాలతో 'అమ్మమ్మ చేతి అగ్రహారం జీళ్ళు' అని వేయించాడు. దాని కింద చిన్న అక్షరాల్లో 'తరతరాల మడి సంప్రదాయం, చేతితో తాకనివి' అని కూడా వేయించాడు. జీళ్ళంటేనే బెల్లం పాకాన్ని రెండు చేతులతో లాగి లాగి చేసేవి. అమ్మమ్మ చేతివీ, చేతితో తాకనివీ ఒకే జీళ్ళు ఎలా అవుతాయో నాకు బోధపడలేదు. బ్యాంకులో మేనేజరుగా చేసినవాడు కదా, రెండు పక్కలా ఎలాగో సరిపెట్టే ఉంటాడు.

విశ్వం బావ మా మేనత్త కొడుకు, నాకంటే నాలుగేళ్ళు పెద్ద. రిటైరయ్యాక ఇంట్లో ఊరికే కూర్చోలేక, నరసన్నపేట దగ్గర హైవే మీద మిఠాయి కొట్టు పెట్టాడు. పెట్టె అందిన గంటకే ఫోను చేశాడు. "ఒసే శారదా, తిన్నావా? ఎలా ఉన్నాయి? చూడు, నువ్వు కథలూ గట్రా రాస్తావు కదా. పెట్టె వెనకవైపు ఖాళీగా ఉంది. నాలుగు ముక్కలు రాసిపెట్టు. అమ్మమ్మ జీళ్ళెలా చేసేదో, మనం చుట్టూ కూచుని ఎలా తినేవాళ్ళమో, గుండె కరిగేటట్టు రాయి" అన్నాడు. నేను తింటున్న జీళ్ళ ముక్క పళ్ళకి అతుక్కుపోయి ఉండబట్టి గానీ, లేకపోతే అప్పుడే నాలుగూ వినేవాడు.

ఎందుకంటే మా మామ్మ జన్మలో జీళ్ళు చెయ్యలేదు. మా వంశంలో ఎవరూ చెయ్యలేదు. సంతలో అమ్మే జీళ్ళు మా ఇంటి గడప దాటి లోపలికి రాకూడదు. వాటికి 'ఉమ్ముజీళ్ళు' అని పేరు పెట్టినవాడు ఈ విశ్వం బావే. పాకం చేతులకి అంటుకోకుండా జీళ్ళమ్మి అరచేతుల్లో ఉమ్మేసుకుంటుందని ఎక్కడో విని వచ్చి, సెలవులకి వచ్చినప్పుడల్లా మా అగ్రహారం పిల్లలందరికీ పాఠంలా చెప్పేవాడు. కళ్ళారా చూశావురా అంటే చూశానని ఒట్టు పెట్టేవాడు. ఇప్పుడా ఒట్టు పెట్టిన నోటితోనే వాటిని ఆరోగ్యానికి మంచివని అమ్ముతున్నాడు.

మా ఊరు నరసన్నపేట నుంచి నడిచి వెళ్ళేంత దూరం. వారానికోసారి సంత జరిగేది. గుడి ముందు మొదలై, బెల్లం దిమ్మలు, కూరగాయలు, బుట్టలు, కుండలు దాటుకుంటూ వెళ్ళి చిట్టచివర భావనపాడు నుంచి వచ్చే ఎండుచేపల దగ్గర ఆగేది. మా తాతగారు ఆ గుడిలో అర్చకులు. గుడి మెట్లు దిగగానే మొదటి చోటు జీళ్ళ పైడమ్మది. నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉండేది. మూడు రాళ్ళ పొయ్యి మీద బెల్లం పాకం ముదరనిచ్చి, నూనె రాసిన బండ మీద పోసేది. కాస్త ఆరాక ముద్దచేసి, పక్కన పాతిన గుంజకి కొట్టిన మేకుకు తగిలించి, లాగేది. మూరెడు లాగి, మళ్ళీ మేకుకేసి, మళ్ళీ లాగేది. నల్లటి ముద్ద ఎర్రబడి, పసుపురంగుకి తిరిగి, చివరికి పట్టులా మెరిసేది. అప్పుడు నువ్వుల్లో దొర్లించి టకటకా ముక్కలు కొట్టేది. చేతులు అంటుకోకుండా పక్కనే కొబ్బరిచిప్పలో నూనె పెట్టుకునేది. ఉమ్మేసుకోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆ పాకం వాసన గుళ్ళోకి వచ్చి కర్పూరం వాసనని కూడా పక్కకి నెట్టేసేది. సంతరోజున తాతగారు అష్టోత్తరం మామూలు కంటే వేగంగా ముగిస్తారని ఊళ్ళో అందరికీ తెలుసు. మైలగాలి తగలకుండా తొందరగా ఇంటికి పోవాలని ఆయన చెప్పేవారు. నోరూరుతోందని ఒప్పుకునే మనిషి కాదాయన.

మా ఇంట్లో మనుషుల కంటే బట్టలకి మర్యాద ఎక్కువ. నడవలో ఎత్తుగా ఒక దండెం ఉండేది. దాని మీద మామ్మ మడిచీర, తాతగారి మడిపంచె, పండగలకి కట్టే పట్టుపంచె. వాటిని చేత్తో ముట్టుకోవడానికి వీల్లేదు. కర్రతో వేసి, కర్రతోనే తియ్యాలి. మేం పిల్లలం ఆ నడవలోంచి వెళ్ళాలంటే గోడకి ఆనుకుని, ఊపిరి బిగబట్టి వెళ్ళేవాళ్ళం. పొరపాటున జడ కొస తగిలినా, మామ్మ వంటింట్లోంచే "ఎవర్రా అది, తగిలేరా?" అని అరిచేది. గోడలకి కూడా కళ్ళున్నాయేమో అనుకునేదాన్ని. తెల్లారకుండా నూతి దగ్గర చన్నీళ్ళ స్నానం, తడిచీర, పొగ, ఇంగువ, నెయ్యి. ఆ వాసనలన్నీ కలిసి మామ్మ వాసన. ఆవిడ మడి కట్టుకుందంటే తాతగారు కూడా దూరంగా ఉండి మాట్లాడేవారు.

ఆ మామ్మకి జీళ్ళంటే ప్రాణం. ఈ సంగతి భూమి మీద మా ఇద్దరికే తెలుసు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. సంతరోజు పొద్దున్నే గుడి నుంచి వచ్చిన బియ్యంలోంచి దోసెడు తీసి నా పరికిణీ చెంగులో కట్టేది. "మెత్తగా ఉన్నవి అడిగి తే. నీకే అని చెప్పు. నా పేరెత్తేవో, జడ కత్తిరించేస్తాను" అనేది. దేవుడికి వచ్చిన బియ్యం అలా జీళ్ళుగా మారి ఇంటికి వచ్చేవి. నేనోసారి ధైర్యం చేసి, మైల కాదా మామ్మా అని అడిగాను. "బెల్లం గానుగలో ఎవరు చెయ్యి పెట్టేరో అడిగి తింటున్నావా? ఇదీ బెల్లమే. నిప్పు మీద ఉడికినదానికి మైలేవిటే?" అంది. అదే ప్రశ్న మా అమ్మ సంతలో పకోడీల గురించి అడిగితే, మామ్మ మూడు రోజులు ఆవిడతో మాట్లాడలేదు.

ఇక దాచే చోటు. ఉట్టి మీద పెడితే మా అమ్మ చూస్తుంది. ధాన్యం గదిలో పెడితే ఎలకలు తింటాయి. అందుకని మామ్మ తన తెలివంతా ఉపయోగించి, ఆకుపొట్లాన్ని మడిబట్టల మడతల్లో దాచేది. ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోని చోటు అదొక్కటే కదా. సంతలో నలుగురి చేతుల్లోంచి వచ్చిన పొట్లాన్ని మడిచీరలో చుట్టి, ఆ చీరే కట్టుకుని, ఆ చీరతోనే నైవేద్యం వండేది. నాకు దాంట్లో తప్పేం కనిపించలేదు. పెద్దవాళ్ళ లెక్కలు పెద్దవాళ్ళవి అనుకున్నాను.

శ్రీరామనవమి నాటికి ఎండలు ముదిరాయి. మడతల్లో జీళ్ళు కరిగి, పక్కనే ఉన్న తాతగారి పట్టుపంచె లోపలికి పాకాయి. తాతగారికి చూపు అంతంతమాత్రం. చీకటితో లేచి, ఆ పంచె కర్రతో దింపి, కట్టుకుని, కల్యాణం చేయించడానికి గుడికి వెళ్ళారు. చీమలు కూడా ఆయనతోనే వెళ్ళాయి. ఊరంతా పందిట్లో ఉంది. అక్కడ జరిగినది నేను తర్వాత విన్నదే. తాతగారు సీతమ్మవారి మంగళసూత్రం రెండు చేతులా ఎత్తి, అందరికీ చూపిస్తూ శ్లోకం అందుకున్నారు. సగం శ్లోకంలో ఉన్నట్టుండి ఎగిరి గంతేశారు. మళ్ళీ గంతేశారు. సూత్రం చేతిలో ఉంది కాబట్టి గోక్కోవడానికి లేదు. వెనక వరసలోంచి ఎవరో "పంతులుగారికి పూనకం వొచ్చినాదర్రా!" అని కేకేశారు. ఊరు ఊరంతా లేచి దండాలు పెట్టి, గోవిందలు కొట్టడం మొదలెట్టింది. ఒకావిడ కొబ్బరికాయ తెచ్చి ఆయన కాళ్ళ దగ్గర కొట్టిందట. సూత్రం ఎలాగో కట్టేసి, ఆయన వీధి వెంట పరుగున ఇంటికి వచ్చారు. వెనకాల విశ్వం బావ, సెలవులకి వచ్చి ఉన్నాడు.

ఇంట్లో నేనూ, మామ్మా ఉన్నాం. ఆవిడ ప్రసాదం దింపి, కాస్త తీరిక దొరికిందని ఒక జీళ్ళ ముక్క నోట్లో వేసుకుంది. జీళ్ళ సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. మొదట రాయిలా ఉంటుంది, తర్వాత పై పళ్ళనీ కింద పళ్ళనీ పట్టుకుని వదలదు. అది కరిగేదాకా మనిషి మాట్లాడలేడు. సరిగ్గా అప్పుడు తాతగారు తువ్వాలు చుట్టుకుని, కర్ర చివర పట్టుపంచె వేలాడేసుకుని నడవలోకి వచ్చారు. పంచెకి ఆకుముక్క, నువ్వులు, చీమలు. "ఎవరే ఇది పెట్టింది? మడిబట్టల్లో ఈ మైల ఎవరు పెట్టేరు?" అని గర్జించారు. మామ్మ పెదాలు బిగించి నావైపు చూసింది. పెట్టె మీది ఫోటోలో ఉన్న ముఖం అదే. ఆవిడ పరువు నా చేతిలో ఉందని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నేనే దాచేను తాతగారూ. సంతలో జీళ్ళ పైడమ్మ నన్ను పిలిచి చేతిలో పెట్టింది. వద్దన్నా పెట్టింది" అన్నాను. దాచానన్నంత వరకూ చెప్పి ఊరుకోవచ్చు. ఆ రెండో మాట ఎందుకన్నానంటే, వీపు చీరేస్తారని భయం. మామ్మని కాపాడటానికి మొదటి అబద్ధం, నన్ను నేను కాపాడుకోవడానికి రెండోది. విశ్వం బావ వెంటనే "అవును తాతగారూ, ఆవిడ ప్రతి సంతకీ పిల్లల్ని పిలుస్తుంది. నేనూ చూసేను. చేతుల్లో ఉమ్మేసుకుని మరీ ఇస్తుంది" అన్నాడు. వాడికి సాక్ష్యం చెప్పడమంటే చిన్నప్పటి నుంచీ సరదా. మామ్మ నోరు మెదపలేదు. ఆ క్షణంలో మెదపలేకపోయింది, అది నిజం. జీళ్ళ ముక్క ఎంత గట్టిదైనా పావుగంటలో కరుగుతుంది. మామ్మ ఆ తర్వాత రెండేళ్ళు బతికింది, ఆ ఒక్క విషయంలో మాత్రం ఆవిడ నోరు విడివడలేదు.

తాతగారు నన్ను కొట్టలేదు. నూతి దగ్గర నాలుగు చేదల నీళ్ళు గుమ్మరించి వదిలేశారు. ఊరి పెద్దల్ని పిలిపించి, దేవుడి ఎదురుగా పిల్లల్ని పాడుచేసే మనిషి ఉండకూడదన్నారు. పూనకం వచ్చిన మనిషి మాట కాదనే ధైర్యం ఎవరికీ లేదు. వచ్చే సంతకి పైడమ్మ గుంజ పీకేసి, చిట్టచివర ఎండుచేపల వరస పక్కన చోటు చూపించారు. ఎండుచేపలు కొనుక్కునే చేత్తో తీపి ఎవరు కొంటారు? పిల్లల్ని అంత దూరం ఎవరు పంపిస్తారు? ఆ వాసనలో పాకం వాసన ఎవరికీ అందదు. ఇవన్నీ నాకప్పుడు తట్టలేదు. తప్పించుకున్నానన్న సంతోషంలో ఉన్నాను.

నాలుగు వారాలు గడిచాయో లేదో, మామ్మ మళ్ళీ నా చెంగులో బియ్యం కట్టింది. "ఆ చివరికి మార్చేరుటగా. ఎండుచేపలకి తగలకుండా జాగ్రత్తగా పట్టుకురా" అంది. ఆవిడకి అంతకు మించి చెప్పాల్సిందేమీ కనిపించలేదు. నేను వెళ్ళాను. పైడమ్మ ముందు ఎవరూ లేరు. కొట్టిన జీళ్ళన్నీ అలాగే ఉన్నాయి, ఈగలు తోలుకుంటోంది. నన్ను చూసి ఆకు తీసింది. గుట్టలోంచి కాకుండా, పక్కన గుడ్డ కింద వేరే పెట్టుకున్న మెత్తటి ముక్కలు తీసి కట్టింది. పొట్లం నా చేతిలో పెట్టి, చెయ్యి వదలకుండా, "పంతులుగారి పాపా, ఒక మాట సెప్పు. నానెప్పుడు పిలిసినాను నిన్ను?" అంది. కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

నేను చెయ్యి లాక్కుని పరిగెత్తాను. పొట్లం దారిలో ఎక్కడో పడేశాను. ఇంటికొచ్చి, పైడమ్మ సంతకి రావడం మానేసిందని మామ్మతో చెప్పాను. "పోనీలే, పీడా వదిలింది" అంది మామ్మ. ఆ పూట అన్నం సగంలో వదిలేసి లేచింది. మళ్ళీ జీళ్ళు తినకుండానే పోయింది. నేనూ ఎండుచేపల వైపు మళ్ళీ వెళ్ళలేదు. పైడమ్మ మరో రెండు మూడేళ్ళు వచ్చిందని, తర్వాత కూలిపనికి పోయిందని విన్నాను.

పెట్టె వెనక ఏం రాయాలో తేల్చుకోవాలని కిందటి నెల నరసన్నపేట వెళ్ళాను. బావ కొట్టు దేదీప్యమానంగా ఉంది. ప్లాస్టిక్ అరటిచెట్లు, తులసికోట ఒకటి, అది కూడా ప్లాస్టికే. మామ్మ నిలువెత్తు బొమ్మ గుమ్మంలో నిలబెట్టాడు. కార్లాపి దిగినవాళ్ళు ఆవిడ పక్కన నిలబడి ఫోటోలు తీయించుకుంటున్నారు. బతికున్నప్పుడు ఆవిడ పక్కన ఇంతమంది నిలబడితే మళ్ళీ స్నానం చేసేది. "జీళ్ళెవరు చేస్తారు బావా?" అన్నాను. "ఉందొకావిడ, వెనకాల. చెయ్యి మంచిది. నువ్వు అటు వెళ్ళకు, అంతా పొగ" అన్నాడు. నేను వెళ్ళాను.

వెనక రేకుల షెడ్డులో అరవై దాటిన ఒకావిడ, నెత్తికి ప్లాస్టిక్ టోపీ, చేతులకి తొడుగులు వేసుకుని, గోడకి కొట్టిన మేకుకు ముద్ద తగిలించి లాగుతోంది. నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉంది. ఆ లాగడం నాకు తెలుసు. పేరడిగితే గౌరమ్మ అంది. ఎవరి దగ్గర నేర్చుకున్నావంటే, "మాయమ్మకాడే. జీళ్ళ పైడమ్మంటే ఈ సుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ తెల్సునమ్మా" అంది. నేనెవరో చెప్పాను. చేతిలో ముద్ద అలాగే ఆపి, నావైపు తేరిపార చూసింది. "మెత్తని జీళ్ళ పాప మీరేనేటి?" అంది.

"నీకెలా తెలుసు?" అన్నాను. "తెలకేటమ్మా. మాయమ్మ ఆ పెద్దమ్మగారికోసం వేరేగ లేతపాకం పట్టీది. పళ్ళున్న పిల్ల మెత్తనివెందుకు అడుగుతాది? మొదటి నాడే తెల్సిపోనాది మాయమ్మకి."

"మరి ఆ రోజు ఊరి పెద్దల ముందు ఆ మాట ఎందుకు చెప్పలేదు?"

"నానూ అదే అడిగీదాన్ని. 'ముసిలి ముత్తైదువుని బజార్న పెడితే నాకేటొస్తాదే' అనీది. సచ్చిపోయినవరకూ ఒక్కటే బాధ మాయమ్మకి. పిల్లల్ని పిలిసి అమ్ముకునీదన్నమాట పడ్డానని. నాను పిలిసి అమ్ముకున్నదాన్ని కాదే, ఆలే నాకాడికి వొచ్చీవోరు అనీది." గౌరమ్మ ఒక్క తొడుగు తీసేసి, లేతగా ఉన్న చోట ముద్ద తుంచి, నా అరచేతిలో పెట్టింది. "తినండమ్మా. మీకూ ఎనకపళ్ళు లేవు, మాటల్లో తెల్సిపోతంది" అంది. ముందు గుమ్మంలో ఎవరో మామ్మతో ఫోటో తీయించుకుంటూ నవ్వుతున్నారు. నేను ఆ షెడ్డులో ఒక డబ్బా మీద కూర్చుని, ఏడుస్తూ జీళ్ళు తిన్నాను. పాకం అదే.

ఇంటికొచ్చి పెట్టె వెనకవైపుకి నాలుగు ముక్కలు రాసి పంపాను. ఈ జీళ్ళు మా మామ్మ చేసినవి కావని, మా ఊరి సంతలో పైడమ్మ చేసినవని, ఇప్పుడు ఆమె కూతురు గౌరమ్మ చేస్తోందని, మా మామ్మ వీటిని మడిబట్టల్లో దాచుకుని తినేదని. బావ ఫోను చేశాడు. "బాగా రాసేవే. ఏడుపొచ్చింది. ఆ పైడమ్మా, ఆ గౌరమ్మా, ఆ రెండు పేర్లూ తీసేద్దాం. పెట్టె మీద ఒకళ్ళే ఉండాలి. జనం కన్‌ఫ్యూజ్ అవుతారు" అన్నాడు. ఆ శ్రీరామనవమి నాడు నువ్వేం సాక్ష్యం చెప్పావో గుర్తుందా బావా అని అడిగాను. "పాత సంగతులు ఇప్పుడెందుకే? చిన్నతనం. అయినా మన ఇంటి పరువు కూడా చూసుకోవాలి కదా" అన్నాడు.

ఇంటి పరువు కోసం అప్పుడు పైడమ్మ పేరు చెప్పాను. ఇప్పుడు అదే ఇంటి పరువు కోసం ఆవిడ పేరు చెప్పకూడదట. మాది ఎంత గొప్ప ఇల్లో ఈ వయసుకి గానీ నాకు తెలిసిరాలేదు. పేర్లు లేకపోతే నా మాటలూ లేవన్నాను. బావ నొచ్చుకున్నాడు. వేరే ఎవరిచేతో రాయించుకున్నాడు. కొత్త పెట్టె కూడా పంపాడు. అందులో మా మామ్మ వెన్నెల్లో మనవల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని జీళ్ళు లాగుతోంది. చదివితే గుండె కరుగుతుంది.

అందుకని పెట్టె మీద చోటు దొరకని మాట ఇక్కడ రాసుకుంటున్నాను. ఎండుచేపల వరస పక్కన, నా చెయ్యి పట్టుకుని ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు ఇన్నేళ్ళు నా నోట్లో ఉండిపోయింది. పైడమ్మా, నువ్వు నన్ను ఎప్పుడూ పిలవలేదు. నేనే వచ్చాను.